మున్నెరుక

చేపల మార్కెట్లో పైడిరాజు వంజరం మొప్ప ఎత్తి ఎర్రగా ఉందో లేదో చూస్తుండగా జేబులో ఫోను కూసింది. మామూలు మోత కాదది. సన్నగా, ఆగకుండా, రైలింజను కూతలా ఉంటుంది. ఆ కూత ఒక్క విషయం కోసమే పెట్టి ఉంది. ఆయన చేపను వదిలేశాడు, సంచీ వదిలేశాడు, జనాన్ని తోసుకుంటూ పరుగెత్తాడు.

"ఓ బాబూ, సంచీ! ఏటయినాది బాబూ?" అని చేపలామె వెనకనుంచి కేకేస్తూనే ఉంది.

స్కూటరు మీద గోపాలపట్నం సందులన్నీ ఎలా దాటాడో ఆయనకే తెలియదు. నీచు అంటిన చేతులు హ్యాండిలు మీద జారుతున్నాయి. లిఫ్టు కోసం ఆగకుండా మూడంతస్తులు ఎక్కి తలుపు తోశాడు. ఆ ఇంట్లో లోపలి తలుపులు వేటికీ గడియ లేదు. స్నానాలగదితో సహా అన్నిటికీ ఆయనే ఊడబీకాడు.

ముందుగదిలో చాప మీద ఆయన కూతురు మనోజ్ఞ, తల్లి నూకరత్నం పక్కన కూర్చుని గోరుచిక్కుడు ఈనెలు తీస్తోంది. తలుపు చప్పుడుకు తలెత్తి తండ్రి ముఖం కేసి చూసింది. ఆ చూపు కాసేపు అక్కడే ఆగి, తర్వాత ఆయన్ను దాటుకుని ఎటో వెళ్ళిపోయింది. చేతిలో కాయ జారింది. మెడ ఒక పక్కకి తిరిగింది. కుడిచెయ్యి కర్రలా బిగుసుకుంది.

తల గచ్చుకి తగలకముందే పైడిరాజు ఒళ్ళోకి తీసుకున్నాడు. పక్కకి తిప్పి పడుకోబెట్టి, మెడ దగ్గర చున్నీ వదులు చేసి, ఆ పిల్ల ఒళ్ళంతా కొట్టుకుంటుంటే పళ్ళు బిగబట్టి కూర్చున్నాడు. ఫిట్సు వదిలి ఆమె గురక లాంటి నిద్రలోకి జారుకున్నాక నోటి పక్క నురగ తుడిచాడు.

"సమయానికొచ్చాను," అన్నాడు ఆయాసపడుతూ. "లేకపోతే తల పగిలేది."

నూకరత్నం చెల్లాచెదురైన కాయలు ఏరుతోంది. "మీరొచ్చేదాకా బాగానే ఉందండీ. చేతి పట్టీ గిలిగింతలు పెడతందని నవ్వింది కూడాను."

ఆ మాట ఆయన చెవికెక్కలేదు.

పైడిరాజు ముప్ఫై ఏళ్ళు రైలింజను నడిపాడు. ఎదురుగా వచ్చే సిగ్నల్ మీంచి కన్ను తిప్పకపోవడమే ఆయన ఉద్యోగం. కూతురికి పన్నెండేళ్ళప్పుడు, బడి మెట్ల మీద మొదటిసారి ఫిట్సు వచ్చి పై మెట్టునుంచి కిందదాకా దొర్లింది. కబురందుకుని ఆయన వెళ్ళేసరికి నుదుటి నిండా నెత్తురు. కళ్ళు తెరిచాక ఆ పిల్ల మొట్టమొదట చూసింది తండ్రి ముఖాన్నే. ఆ రోజుతో ఆయనలో ఏదో విరిగిపోయింది. ఇంజను నడుపుతూ సిగ్నళ్ళ బదులు మెట్లు కనబడటం మొదలయ్యాక, ఇక ఇది ప్రయాణికుల ప్రాణాలతో చెలగాటమని తెలుసుకుని ఉద్యోగం మానేశాడు. కన్ను తిప్పకుండా చూడటానికి ఇప్పుడు ఆయనకు కూతురొక్కర్తే మిగిలింది.

మందులు వేస్తున్నా ఫిట్సు పూర్తిగా ఆగలేదు. దేనివల్ల వస్తోందో తెలిస్తే చాలు, దాన్ని ఇంట్లోకి రాకుండా ఆపేయొచ్చని ఆయన నమ్మకం. కొందరికి తలమీద వేణ్ణీళ్ళు పోసుకుంటే వస్తుందని ఎక్కడో చదివి, ఆ పిల్లకు డిసెంబరు చలిలో కూడా చన్నీళ్ళే పోయించాడు. మినుకుమినుకుమనే ట్యూబులైట్లు పీకేయించాడు. సాంబ్రాణి మాన్పించాడు. చెట్ల సందుల్లోంచి ఎండ తళుక్కు తళుక్కుమనే రోడ్డు మీద స్కూటరు ఎక్కించడం మానేశాడు. ఒకావిడకి ఫలానా పాట వింటే వస్తుందట, ఒకాయనకి లెక్కలు చేస్తే వస్తుందట, ఇంకెవరికో పళ్ళు తోముకుంటే వస్తుందట. ఇలాంటివి విన్నప్పుడల్లా ఇంట్లోంచి ఒక వస్తువో ఒక అలవాటో బయటికి పోయేది. చివరికి కాలేజీ కూడా పోయింది. పంతొమ్మిదేళ్ళ పిల్ల ఇంట్లోనే తెర ముందు కూర్చుని పాఠాలు వింటోంది.

అలాంటప్పుడు భీమిలి రోడ్డులోని నాడీ పరిశోధన కేంద్రంలో డాక్టర్ నఫీసా 'మున్నెరుక' తయారుచేసింది. చెవి వెనక చర్మం కింద పెట్టే చిన్న బిళ్ళ అది. మెదడులో అలజడి రేగుతున్నప్పుడే, ఇంకా అది ఒళ్ళంతా పాకకముందే పసిగడుతుంది. వెంటనే ఆ మనిషి చేతికి కట్టిన పట్టీ సన్నగా అదురుతుంది. ఇంట్లో ఒకళ్ళ ఫోను కూస్తుంది; వీళ్ళింట్లో అది పైడిరాజుదే. మొదటి విడతలో బిళ్ళ పెట్టించుకున్న వాళ్ళలో మనోజ్ఞ ఒకతె. మొదటిసారి ఫోను కూసి, తాను వంటింట్లోంచి పరుగున వెళ్ళి పట్టుకోగలిగిన రోజున పైడిరాజు డాక్టరు కాళ్ళకు దణ్ణం పెట్టబోయాడు. ఆవిడ కంగారుగా లేచి నిలబడింది.

అయితే ఆర్నెల్లు తిరిగేసరికి, ఎప్పుడో నెలకోసారి వచ్చే ఫిట్సు వారానికోసారి రావడం మొదలైంది.

"మా బిళ్ళ ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు సర్," అంది నఫీసా, తెరమీద గీతలు చూపిస్తూ. "కూత వచ్చిన ప్రతిసారీ ఫిట్సు వచ్చింది. ఇంత కచ్చితంగా పనిచేస్తుందని నేనే అనుకోలేదు." ఆ గొంతులో గర్వం ఉంది, దాని కింద ఎక్కడో కలవరం కూడా ఉంది. "ఇన్నిసార్లు ఎందుకొస్తున్నాయో మాత్రం అంతుపట్టడం లేదు. మందు కాస్త పెంచి చూద్దాం."

మందు పెంచారు. ఆ పిల్ల పొద్దస్తమానం మగతగా ఉండేది. ఫిట్సు మాత్రం తగ్గలేదు. పైడిరాజు ఫోను గుప్పిట్లోనే పెట్టుకుని తిరిగేవాడు. కుక్కరు కూసినా, పక్క ఫ్లాటు పిల్లాడు ఈల వేసినా ఉలిక్కిపడి కూతురి కేసి చూసేవాడు. ఆమె తలొంచుకునేది.

ఆ రోజుల్లోనే ఆయనతోపాటు పనిచేసిన స్నేహితుడి రిటైర్మెంటు సన్మానం అరకులో పెట్టారు. వెళ్ళనని భీష్మించుకున్న ఆయన్ను నూకరత్నం దాదాపు మెడపట్టి గెంటింది. "ఒక్క పూట పోయి రండి. నానున్నాను కదా. మీరు ఈ గోడల మజ్జిన కూకుని ఎండిపోతన్నారు."

రైలు కొండల్లోకి ఎక్కగానే ఫోనుకు సిగ్నల్ పోయింది. సొరంగం వెనక సొరంగం. తాను వందలసార్లు నడిపిన దారే, కానీ ప్రతి చీకట్లోనూ ఆయన ఫోను తీసి చూసుకునేవాడు. సన్మానంలో పెట్టిన భోజనం ముద్ద దిగలేదు. సాయంత్రం తిరుగు రైలు శృంగవరపుకోట దాటగానే ఫోనుకు ప్రాణం వచ్చి, ఒకదాని వెనక ఒకటి రెండు కూతలు కూసింది. ఎప్పుడో మధ్యాహ్నం వచ్చి ఆగిపోయిన కబుర్లు.

వెంటనే ఇంటికి ఫోను చేశాడు. "పడిందా? దెబ్బ తగిలిందా?"

"ఎవరు?" అంది నూకరత్నం. "మిరపకాయ బజ్జీలేసుకుని తింటన్నాం. మాట్లాడతారా?"

"నాన్నా, నీకు దాచి ఉంచుతాలే," అంది మనోజ్ఞ గొంతు, నోట్లో బజ్జీతోనే.

మున్నెరుక మొదటిసారి తప్పింది. అదీ రెండుసార్లు.

ఈ సంగతి విని నఫీసా ముఖం మబ్బు పట్టినట్టయింది. బిళ్ళలో దాచిన గీతల్ని మళ్ళీ మళ్ళీ చూసింది. అలజడి రేగింది నిజమే, రెండుసార్లూ నిజంగానే రేగింది. కాసేపు అలా ఉండి, దానంతటదే అణిగిపోయింది. "అప్పుడు నువ్వేం చేస్తున్నావమ్మా?" అని అడిగింది.

మనోజ్ఞ తండ్రి కేసి చూడబోయి చూపు తిప్పుకుంది. "డాక్టరుగారూ, మీతో ఒంటరిగా ఒక మాట చెప్పాలి."

పైడిరాజు బయట బల్ల మీద కూర్చున్నాడు. తనకు తెలియకూడని జబ్బేదో బయటపడింది కాబోలు. మెదడులో గడ్డేమో. తలుపు తెరుచుకున్నాక నఫీసా చెప్పింది ఒక్కటే. "మూడు రోజులు ఇక్కడే ఉంచి పరీక్ష చేయాలి. మీరిద్దరూ కూడా ఉండండి."

"ఏం పరీక్షండీ?"

"దేనివల్ల వస్తోందో కనిపెట్టే పరీక్ష," అంది ఆవిడ. ఆయన కళ్ళల్లోకి మాత్రం చూడలేదు.

పరిశోధన కేంద్రంలో మనోజ్ఞ ఉన్న గదికి ఒక గోడంతా అద్దమే. తలనిండా తీగలు, తలగడల మధ్య పడక. మొదటి రెండు రోజులూ నూకరత్నాన్ని మాత్రమే లోపలికి పంపారు. పైడిరాజును తోట అవతల ఉన్న క్యాంటీనులో కూర్చోమన్నారు. "పిలిచినప్పుడు వస్తే చాలు సర్." ఆయన టీ తెప్పించుకుని తాగకుండా చల్లార్చేవాడు. కిటికీలోంచి సముద్రం కనబడేది, దాన్ని చూసేవాడు కాదు. బల్లమీద పెట్టిన ఫోనునే చూస్తూ ఉండేవాడు.

మూడో రోజు పదిగంటల ప్రాంతంలో అది కూసింది.

తోటలో నీళ్ళు పెట్టే గొట్టం కాలికి తగిలి మోకాలు దోక్కుపోయినా ఆయనకు తెలియలేదు. నడవా పొడుగునా పరుగెత్తి తలుపు తోశాడు. కూతురు పడక మీద నిటారుగా కూర్చుని ఉంది. పక్కన తల్లి ఉంది. పిల్ల ముఖం తేటగా ఉంది. తలుపు వైపే చూస్తోంది, ఆయన కోసమే ఎదురుచూస్తున్నట్టు. ఆ కళ్ళల్లో జాలి లాంటిది ఏదో కనబడింది.

"తల్లీ..." అన్నాడు.

ఆ చూపు ఆయన ముఖం మీద ఆగింది. ఆగి, దాటిపోయింది. మెడ తిరిగింది.

ఆమెను పట్టుకుని, తగ్గేదాకా ఉండి, నిద్రలోకి జారుకున్నాక లేచి నిలబడ్డాడు. "చూశారా డాక్టరుగారూ, సమయానికే..." అంటూ వెనక్కి తిరిగాడు. నఫీసా గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి.

"మీకు వచ్చిన కూత అబద్ధం పైడిరాజుగారూ. అది బిళ్ళ పంపలేదు. నేను పంపాను."

ఆయనకు అర్థం కాలేదు. ఆవిడ తెర దగ్గరకు తీసుకెళ్ళి చూపించింది. గీతలన్నీ నిలకడ నీళ్ళలా చదునుగా సాగుతున్నాయి. "ఇదీ నేను కూత పంపిన క్షణం. మెదడులో ఏమీ లేదు. ఇది మీరు తోటలో పరుగెత్తుతున్నప్పుడు. అప్పుడూ లేదు. ఇదిగో, నడవాలో మీ అడుగుల చప్పుడు." గీత సన్నగా వణికింది. "ఇక్కడ తలుపు తెరుచుకుంది. మీ ముఖం కనబడింది." ఆ తర్వాత గీతలన్నీ ఒక్కసారిగా పడగలెత్తాయి.

పైడిరాజు తెర కేసి చూస్తూ ఉండిపోయాడు. ఎర్ర సిగ్నల్ దాటేసిన ఇంజను డ్రైవరుకు ఒళ్ళు ఎలా చల్లబడుతుందో, అలా చల్లబడింది.

"చిన్న చిన్న అలజడులు తన మెదడులో అప్పుడప్పుడూ లేస్తుంటాయి, వాటంతటవే పోతుంటాయి," అంటోంది నఫీసా. "మనకు ఇదివరకు తెలిసేవి కావు. నేను వాటన్నిటికీ గంట కట్టాను. గంట మోగిన ప్రతిసారీ మీరు పరుగెత్తుకొచ్చారు. ఆ పిల్ల మెదడు మీ భయాన్ని చూసి చూసి, ఆ ముఖం కనబడితే పడిపోవాలని నేర్చుకుంది. నా బిళ్ళ ఎప్పుడూ తప్పు చెప్పలేదని మురిసిపోయాను. అది చెప్పడం వల్లే నిజమైందని తెలుసుకోలేకపోయాను."

"నా బిడ్డని కావాలని పడేశారా?" అన్నాడు పైడిరాజు. "నాచేత పడేయించారా?"

"నేనే అడిగాను నాన్నా."

ముగ్గురూ తిరిగి చూశారు. మనోజ్ఞ కళ్ళు తెరవకుండానే మాట్లాడుతోంది. నాలుక ఇంకా మొద్దుబారే ఉంది. "నాకు ముందునుంచీ అనుమానం. నీకు చెబితే నమ్మవని... నిజానికి నాకే నమ్మాలని లేదు. ఇంకేదన్నా అయితే బాగుణ్ణనుకున్నాను."

ఆయన కూతురి వైపు ఒక అడుగు వేసి, ఆగి, మళ్ళీ వేయడానికి భయపడి, ముఖం రెండు చేతులతో కప్పుకుని బయటికి నడిచాడు.

ఆ వారంలోనే నఫీసా మున్నెరుక పెట్టించుకున్న అందరి ఇళ్ళకూ కూత ఆపేసింది. మందు గురించి మాట్లాడాలన్న వంకతో వెళ్ళిన పైడిరాజుకు పరిశోధన కేంద్రం గుమ్మంలో పెద్ద గొడవ కనబడింది. రాజాంనుంచి వచ్చిన ఒక తల్లి డాక్టరు చెయ్యి పట్టుకుని వదలడం లేదు. "ఆ కూత తీసీకండమ్మా. అది లేకపోతే నాను కన్నెలగ మూయాల? మా వోడు నూతి దగ్గర పడిపోతే ఎవులు సూత్తారు?" నఫీసా చెప్పేదేదీ ఆమెకు వినబడటం లేదు. పక్కనే ఆమె కొడుకు, మీసాలొచ్చిన వాడు, తల్లి ముఖం చూడకుండా నేలచూపులు చూస్తున్నాడు. పైడిరాజు ఆమెతో ఒక మాట అనబోయాడు. అనకుండానే వెనుదిరిగాడు. ఆమె అడిగిందే తానూ అడగాలనుకుని వచ్చాడు మరి.

కూత లేని ఇల్లు ఆయనకు శ్మశానంలా తోచింది. ఇదివరకు కూసేదాకా అన్నా నిమ్మళంగా ఉండేది. ఇప్పుడు ఏ క్షణమైనా కావచ్చు. గ్లాసు కింద పడితే భయం, ఏ చప్పుడూ లేకపోతే అంతకన్నా భయం. పైగా తన ముఖమే ఆ పిల్లకు గండమాయె. ఆమె ముందుగదిలో ఉంటే ఈయన వంటింట్లో గోడకేసి తిరిగి కూర్చునేవాడు.

రెండు రోజులు చూసి ఒక ఉదయం బట్టలు సర్దుకున్నాడు. "సాలూరు అక్క ఇంటికి వెళ్తాను," అన్నాడు భార్యతో. "కొన్నాళ్ళుంటాను."

"కొన్నాళ్ళంటే?"

"దానికి తగ్గేదాకా."

నూకరత్నం ఆయన చేతిలోని చొక్కా లాక్కుంది. "అదే మాట మీ కూతురితో చెప్పి ఎల్లండి."

చెప్పనక్కర్లేకపోయింది. మనోజ్ఞ గుమ్మంలో నిలబడి ఉంది. పైడిరాజు చటుక్కున తల పక్కకి తిప్పుకున్నాడు.

"నువ్వెళ్ళిపోతే తగ్గిపోతుందేమో నాన్నా," అంది. "తగ్గినా, మా నాన్న కనబడితే నాకు ఫిట్సొస్తాయి అన్నది అలాగే ఉండిపోతుంది కదా. రేపు నువ్వు తిరిగొస్తే? పండక్కొస్తే? నీ చావుకి నేను రావద్దా?"

"ఏటా మాటలు!" అంది తల్లి.

"ఉన్నమాటేనమ్మా. నా బుర్ర నేర్చుకుంది కదా, మర్చిపోవడమూ నేర్చుకుంటుంది. డాక్టరుగారు అదే అన్నారు. కాకపోతే ఎదురుగా నువ్వుండాలి నాన్నా."

ఆ రకంగా మొదలైంది. ముందుగదికి అడ్డంగా నూకరత్నం ఒక దుప్పటి కట్టింది. దానికి ఇవతల పైడిరాజు, అవతల కూతురు. బిళ్ళ ఇంకా చెవి వెనకే ఉంది గానీ ఇప్పుడది ఎవరికీ ఏమీ చెప్పదు, నఫీసా దగ్గరి తెరకు మాత్రం గీతలు పంపుతుంది. మొదట్లో తండ్రి అడుగుల చప్పుడుకే గీతలు లేచేవని ఆవిడ చెప్పింది. ఆయన చెప్పులు విడిచి నడిచాడు. తర్వాత చెప్పులతో నడిచాడు. దుప్పటి ఇవతలనుంచి పేపరు పైకి చదివేవాడు, గొంతు వణికితే ఆపి, మంచినీళ్ళు తాగి మళ్ళీ చదివేవాడు. రైళ్ళ కబుర్లు చెప్పేవాడు. ఒకసారి దువ్వాడ దగ్గర పట్టాల మీద గేదె పడుకుంటే, దాన్ని లేపడానికి తాను దిగి బతిమాలిన సంగతి చెబుతుంటే అవతల ఫక్కున నవ్వు వినబడింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో ఆయనకు గుర్తు రాలేదు.

దుప్పటి కొంచెం కొంచెంగా దిగింది. ముందు నుదురు కనబడింది, తర్వాత కళ్ళు, చివరికి ముఖమంతా. మధ్యలో రెండుసార్లు పడింది ఆ పిల్ల. ఒకసారి ఆయన కళ్ళు కనబడగానే, ఇంకోసారి ఏ కారణమూ లేకుండానే, తల్లి తల దువ్వుతుంటే. మొదటిసారి పడ్డప్పుడు ఆయన రోజంతా అన్నం ముట్టలేదు. నూకరత్నం కంచం తెచ్చి ముందు పెట్టి, "మీరు మానేస్తే దాని ఫిట్సు మానేత్తాయా? తినండి," అంది.

వానలు వెనకపట్టి సముద్రం తేటపడ్డాక ఒక పొద్దున్న మనోజ్ఞ భీమిలి బీచికి వెళ్దామంది. పైడిరాజు నోట్లోంచి వద్దన్న మాట ఊడిపడబోయింది. మింగేశాడు. ముగ్గురూ వెళ్ళారు. మరబోట్లు తిరిగొచ్చే వేళ, ఒడ్డున వలలు దులుపుతున్నారు. పిల్ల చెప్పులు విడిచి తల్లి చెయ్యి పట్టుకుని నీటి అంచున నడవసాగింది. పైడిరాజు కాస్త దూరంలో, ఇసుకలో బోర్లించిన తెప్ప మీద కూర్చున్నాడు. చూస్తూనే ఉండాలని ఉంది. చూడలేక తల దించుకోవాలని ఉంది. అలలు ఆమె పిక్కల దాకా వస్తున్నాయి. నీళ్ళలో పడితే? ఇంత లోతు చాలు కదా మనిషికి.

మనోజ్ఞ నడక ఆగింది. తండ్రి వైపు చూడటం లేదామె. సముద్రం కేసి తిరిగి ఉంది. చెయ్యి బిగుసుకుంది.

ఎవరూ ఏదీ ముందు చెప్పలేదు. ఆయన లేచేలోపే ఆమె పడిపోయింది, నూకరత్నం కూడా ఆమెతోపాటు మోకాళ్ళ మీద కూలబడి, అల వచ్చే లోపల పిల్లను పొడి ఇసుక మీదకి ఈడ్చింది. పైడిరాజు వెళ్ళి తల కింద చెయ్యి పెట్టి పక్కకి తిప్పాడు. వలల దగ్గరివాళ్ళు చుట్టూ మూగారు. "ఇనుం పెట్టండి చేతిలో, ఇనుం!" అంటూ ఒకాయన తాళాల గుత్తి తీశాడు.

"వద్దు బాబూ," అన్నాడు పైడిరాజు. "ఏమీ వద్దు. కాస్త గాలి రానివ్వండి. తగ్గిపోద్ది."

తగ్గింది. జనం ఒక్కొక్కరూ వెళ్ళిపోయారు. ఆయన అక్కడే కూర్చున్నాడు. ఆమె నుదుటి మీద పాత మచ్చ పక్కన తడి ఇసుక అంటుకుని ఉంది. ఇంకాసేపట్లో కళ్ళు తెరుస్తుంది, తెరవగానే ఎదురుగా ఉండేది తన ముఖం. లేచి పక్కకి పోదామా అనుకున్నాడు. ముఖం నవ్వుతున్నట్టు పెడదామని చూస్తే పెదవులు మాట వినలేదు. నూకరత్నం ఆయన భుజం మీద చెయ్యి వేసి అదిమింది. పోవద్దనో, ధైర్యంగా ఉండమనో.

మనోజ్ఞ కళ్ళు తెరిచింది. చాలాసేపు ఆ కళ్ళకు ఏమీ పట్టలేదు. తర్వాత మెల్లగా ఆయన ముఖం దొరికింది. చూపు అక్కడే ఆగింది.

దాటిపోతుందా?

"భయపడ్డావా నాన్నా?" అంది.

లేదనే చెప్పాలనుకున్నాడు. ఇన్నేళ్ళూ అదే చెప్పాడు. "భయపడ్డాను తల్లీ," అన్నాడు. "చచ్చేంత భయమేసింది. ఇప్పటికీ వేస్తోంది."

ఆమె అలాగే చూస్తోంది. అల ఒకటి వచ్చి ముగ్గురి కాళ్ళూ తడిపి వెళ్ళింది. ఆ పిల్ల చెయ్యి బిగుసుకుంటుందేమోనని ఆయన కిందికి చూశాడు. అది ఇసుకలో వెతుక్కుంటూ వచ్చి ఆయన బొటనవేలు పట్టుకుంది, పసిపిల్లలు పట్టుకున్నట్టు.

"నాక్కూడా," అంది మనోజ్ఞ, ఆయన ముఖం మీంచి చూపు తిప్పకుండా.